గాలిబ్ అందరివాడే... మరి దాశరథి?

పొద్దున్నే ఫోను తెరిస్తే వచ్చిపడే బొమ్మల్లో ఇలాంటిది ఒకటి తరచూ ఉంటుంది: నల్లని నేపథ్యం, మూలన ఓ ఎర్ర గులాబీ, నడుమ తెలుగులో నాలుగు పాదాలు, కింద చిన్న గీత గీసి ‘గాలిబ్’ అన్న పేరు. బాగుందనుకున్నవారు మరో నాలుగు గ్రూపులకు పంపిస్తారు. వారి మనసులో కవిత్వం మీద ప్రేమే తప్ప మరో ఆలోచన ఉండదు. కాని మీర్జా గాలిబ్ తెలుగులో ఒక్క పాదమూ రాయలేదు. ఉర్దూలో, పారసీలో రాసి 1869లో ఢిల్లీలో కన్నుమూశాడు. ఆయన్ని మన ఇళ్లలోకి తెచ్చినవారు దాశరథి కృష్ణమాచార్య. బొమ్మ మీదున్నవి ‘గాలిబ్ గీతాలు’లోని పాదాలే అయినప్పుడు కూడా దాశరథి పేరు కనపడదు. అదేమని అడిగితే, గాలిబ్ పోయి 150 ఏళ్లు దాటింది కదా, ఇంకా హక్కులేమిటని ఎదురు ప్రశ్న వస్తుంది. అందులో సగం నిజముంది. గాలిబ్ కవిత్వం మీద ఇవాళ ఎవరికీ హక్కులు లేవు. అయితే మనం పంచుకుంటున్న వాక్యం గాలిబ్‌ది కాదు, దాశరథిది. దాశరథి 1987 నవంబరులో మరణించారు. మన చట్టం ప్రకారం ఆయన రచనల మీద హక్కులు 2047 డిసెంబరు 31 దాకా ఉంటాయి. పాత కవితకు అనువాదం దొరికినప్పుడు దాని వయసును కవి మరణం నుంచి కాక అనువాదకుడి మరణం నుంచి లెక్కపెట్టాలి. ఈ చిన్న లెక్క మనకు అలవాటు కాకపోవడం వల్ల తెలుగు అనువాదకులు సొంత పాఠకుల చేతుల్లోనే పేరు లేనివారైపోతున్నారు.

1957 నాటి కాపీరైటు చట్టం ఈ విషయంలో గందరగోళం ఏమీ పెట్టలేదు. రచయిత బతికినంత కాలం, ఆపైన మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్లు ఆ రచన మీద హక్కు ఆయనది, తర్వాత ఆయన వారసులది, లేదా ఎవరికి రాసిచ్చారో వారిది. అనువదించే హక్కు కూడా అందులో భాగమే. అనువాదం పూర్తయ్యాక అది మరో రచన, దానికి వేరే ఆయుష్షు. 1886 నాటి బెర్న్ ఒప్పందం కూడా మూలం మీద హక్కులకు భంగం కలగకుండా అనువాదాలను స్వతంత్ర రచనల్లాగే కాపాడాలంటుంది. గీతాంజలి విషయంలో ఈ అంతస్తులు స్పష్టంగా కనపడతాయి. 1910లో బెంగాలీ గీతాంజలి, 1912లో టాగూరు తానే ఇంగ్లీషులోకి తెచ్చుకున్న గీతాంజలి, ఆ తర్వాత చలం తెలుగు గీతాంజలి. టాగూరు 1941లో మరణించారు. అప్పటి గడువు 50 ఏళ్లే కాబట్టి 1991 చివరికి హక్కులు ముగిసిపోవాలి. ఆ గడువు దగ్గరపడేసరికి కేంద్రం దాన్ని 60 ఏళ్లకు పెంచింది. అలా విశ్వభారతి చేతిలో ఆ హక్కులు మరో పదేళ్లు నిలిచాయి. 2002 జనవరి 1 నుంచి బెంగాలీ గీతాంజలి, టాగూరు ఇంగ్లీషు గీతాంజలి రెండూ మన దేశంలో అందరి సొత్తు. చలం 1979లో అరుణాచలంలో కన్నుమూశారు. ఆయన తెలుగు గీతాంజలి 2039 చివరిదాకా అందరి సొత్తు కాదు. ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి నెట్‌లో పెట్టేవారు టాగూరును పంచుతున్నామనుకుంటారు. నిజానికి వారు పంచుతున్నది చలాన్ని.

మూలం ఎంత ప్రాచీనమైతే ఈ పొరపాటు అంత సులువుగా జరుగుతుంది. శాతవాహన రాజు హాలుడి పేరుతో నిలిచిన గాథాసప్తశతి దాదాపు రెండు వేల ఏళ్ల నాటిదని చెప్పుకుంటాం. అంత పాత ప్రాకృత గాథల మీద హక్కు గురించి మాట్లాడటమే వింతగా తోస్తుంది. కాని వాటిని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కూడా 1979లోనే పోయారు. అంటే వారి అనువాదం మీద హక్కులకూ 2039 చివరే గడువు. అవే గాథలను ఇంగ్లీషులోకి తెచ్చిన అరవింద్ కృష్ణ మెహ్రోత్రా పుస్తకం 1991లో వచ్చింది, దాని గడువూ ఆ అనువాదకుడి జీవితాన్ని బట్టే. క్షేత్రయ్య పదాలను ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1994లో అచ్చయ్యేనాటికే రామానుజన్ లేరు. అయినా ఉమ్మడి రచన కనుక ముగ్గురిలో చివరివారి మరణం నుంచే 60 ఏళ్ల లెక్క. దీనికి మరో వైపు కూడా ఉంది. ఒమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ నుంచి నేరుగా తెలుగు చేసిన దువ్వూరి రామిరెడ్డి 1947లో మరణించారు, కాబట్టి ‘పానశాల’ 2008 నుంచి అందరిదీ. 1883లో పోయిన ఫిట్జ్‌గెరాల్డ్ ఇంగ్లీషు ఖయ్యాం ఎప్పుడో స్వేచ్ఛగా దొరుకుతోంది. అదే ఖయ్యాంను రాబర్ట్ గ్రేవ్స్ మరొకరితో కలిసి 1967లో చేసిన ఇంగ్లీషు అనువాదం మాత్రం, గ్రేవ్స్ 1985లో పోయినందున, మన దేశంలో కనీసం 2045 చివరిదాకా అనుమతి అడగాల్సిందే. ఖయ్యాం ఒక్కడే అయినా ఆయన మనకు చేరిన పుస్తకాల తేదీలు ఎన్నో.

వేరే భాషల దాకా పోనక్కరలేదు, మన శతకాల విషయంలోనూ ఇదే జరుగుతోంది. వేమన పద్యం ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. బ్రౌన్ 1829లో అచ్చువేసిన ఇంగ్లీషు వేమన కూడా అంతే, ఆయన 1884లో పోయాడు. కాని పద్యం కింద నాలుగు వాక్యాల తాత్పర్యం రాసిన పండితుడు నిన్నమొన్నటివాడై ఉండవచ్చు. ఆ తాత్పర్యం, ఆ పుస్తకం పీఠిక, ప్రతిపదార్థం వారి రచనలే. పాత పాఠాన్ని అక్షరం మార్చకుండా మళ్లీ అచ్చువేసినంత మాత్రాన ఎవరికీ కొత్త హక్కు పుట్టదు. సొంత తెలివి, ఎంపిక, కొంతైనా సృజన అందులో చేరాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో తేల్చింది. అందువల్ల పద్యాన్ని ఏ పుస్తకం నుంచి ఎత్తిరాసుకున్నా ఫరవాలేదు. తాత్పర్యాన్ని ఎత్తిరాసుకుంటే మాత్రం ఎవరిదో చూసుకోవాలి.

సొంతంగా అనువదిస్తున్నాను కాబట్టి నాకు ఏ ఇబ్బందీ లేదనుకునేవారు కూడా ఒకసారి ఆగి చూసుకోవాలి. మన దగ్గర పారసీ, జపనీస్, చైనీస్ కవిత్వం చాలావరకు ఇంగ్లీషు మీదుగానే వస్తుంది. రూమీ 1273లో మరణించాడు, ఆయన హక్కుల ప్రసక్తే లేదు. కాని తెలుగులోకి తెచ్చేటప్పుడు మన చేతిలో ఉన్నది ఎవరి ఇంగ్లీషు? నికల్సన్ 1945లో పోయాడు, ఆయన మస్నవీ అనువాదం మన దేశంలో 2006 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఆర్బెరీ 1969లో పోయాడు, 2029 చివరిదాకా ఆగాలి. ఇవాళ ప్రపంచమంతా చదువుతున్న రూమీ ఎక్కువగా కోల్మన్ బార్క్స్ చేసినది. ఆయన పారసీ తెలియకుండానే ఈ పండితుల మాటకు మాట అనువాదాలను దగ్గర పెట్టుకొని అమెరికా వచన కవిత్వంలో తిరిగి రాశారు. ఆ పంక్తుల విరుపు, పోలికల క్రమం, ఆ క్లుప్తత బార్క్స్‌వి. వాటిని తెలుగు చేసి కింద రూమీ అని పెడితే మనం రూమీని అనువదించినట్టు కాదు, బార్క్స్‌ను అనువదించినట్టు. దానికి ఆయన వైపు నుంచి అనుమతి కావాలి. బషో హైకూలను తెలుగు చేయాలనుకునేవారికి మాత్రం దారి తెరిచే ఉంది. ఆర్.హెచ్. బ్లైత్ 1964లో మరణించాడు కనుక ఆయన నాలుగు సంపుటాల హైకూ అనువాదాలు 2025 జనవరి 1 నుంచి మన దేశంలో స్వేచ్ఛగా వాడుకోవచ్చు.

ఇంత లెక్క దేనికి, మన కవిత్వం నోటినోటా బతికింది కదా, వేమన పద్యాన్ని ఎవరి అనుమతితో పాడుకున్నారు అనే అభ్యంతరం ఒకటి ఉంది. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు, ఎందుకంటే ఇది మన సంప్రదాయం పేరు చెప్పి చేసే వాదన. కాని ఆ సంప్రదాయం పేరును ఎంత జాగ్రత్తగా మోసుకొచ్చిందో చూడాలి. శతక కవి మకుటాన్ని ప్రతి పద్యంలో పెట్టాడు, పద్యం ఏ ఊరు పోయినా గుర్తు దానితోపాటే పోయింది. పదకర్తలు తమ ముద్రను చివరి చరణంలో ఉంచారు. ఉర్దూ కవి గజల్ చివరి షేర్‌లో తన కలం పేరు చెప్పుకుంటాడు, గాలిబ్ పేరు ఇన్నేళ్లు చెరగకపోవడానికి అదీ ఒక కారణం. మన ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివరా గద్య ఉంటుంది, అందులో కవి తన పేరు, తండ్రి పేరు, వంశం చెప్పుకుంటాడు. శ్రీనాథుడు హర్షుడి నైషధాన్ని తెలుగు చేస్తున్నానని చెప్పే చేశాడు. చెబుతూనే అది తన కావ్యమనీ నిలబెట్టుకున్నాడు. పేరు పద్యంలోనే ఉండేలా ఇంత ఏర్పాటు చేసుకున్నది నోటినోటా పోయే సాహిత్యం కాబట్టే. నేటి అనువాదకుడికి ఆ ఏర్పాటు లేదు. అతని పేరు అట్ట మీదే ఉంటుంది. పేజీని ఫోటో తీసి అంచులు కత్తిరించగానే మూలకవి పేరు మిగిలి అనువాదకుడి పేరు ఊడిపోతుంది. సంప్రదాయాన్ని నిజంగా పాటించాలంటే ఆ పేరును మనం చేత్తో తిరిగి చేర్చాలి.

మేం డబ్బు తీసుకోవడం లేదు కదా అనేది రెండో మాట. చట్టం దీన్ని కూడా ఆలోచించింది. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయనిదైతే కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలు కోర్టుకుంది. అంటే డబ్బు తీసుకోకపోవడం కనికరానికి కారణమవుతుంది కాని అనుమతి అయిపోదు. ఒక హైకూ పంచుకున్నందుకు ఎవరినో జైలుకు పంపుతారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, అలాంటి భయం సాహిత్యానికి మంచిదీ కాదు. నష్టం ఎక్కడ జరుగుతుందో చూడమంటున్నాను. తెలుగులో అనువాద కవిత్వం వేలల్లో అమ్ముడుపోదు. పుస్తకం మొత్తం పీడీఎఫ్‌గా తిరుగుతుంటే మలిముద్రణ వేయాలనుకున్న ప్రచురణకర్త వెనకడుగు వేస్తాడు. మలిముద్రణ లేకపోతే అచ్చుతప్పులు దిద్దే అవకాశం, కొత్త పీఠిక, కొత్త పాఠకుడు అన్నీ పోతాయి. మసకబారిన స్కానే ఆ పుస్తకానికి చివరి రూపమైపోతుంది.

ఒక్క కవితే కదా అన్నవారికి మాత్రం జవాబు అంత సూటిగా ఉండదు. చట్టంలోని 52వ సెక్షన్ సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోనిస్తుంది. పాఠం చెప్పే క్రమంలో టీచరు, విద్యార్థి వాడుకోవడానికీ వీలుంది. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆ వీలును విశాలంగానే చదివింది. న్యాయమైన మేర అంటే ఎంతో చట్టం చెప్పలేదు. కేరళ హైకోర్టు 1996లో సివిక్ చంద్రన్ కేసులో మూడు విషయాలు చూడమంది: వ్యాఖ్యతో పోల్చితే తీసుకున్నది ఎంత, ఎందుకు తీసుకున్నారు, అది మూల రచనకు పోటీగా నిలిచి అమ్మకాన్ని దెబ్బతీస్తుందా. నవల నుంచి పేరా తీసుకున్నవారికి ఈ కొలత సులువు. గాథ, షేర్ రెండేసి పాదాలు, రుబాయి నాలుగు. ఒక్కటి తీసుకున్నా అది మొత్తం కవితే. అందుకే సంఖ్య కన్నా పక్కన మనం ఏం రాశామన్నది ముఖ్యమని నా అభిప్రాయం. రాళ్లపల్లి ఒక ప్రాకృత గాథను ఏ ఛందస్సులో పెట్టారు, ఏ మాట వదిలారు, ఎందుకు వదిలారని చర్చిస్తూ ఆ పద్యం మొత్తం ఇచ్చినా అది విమర్శే. రోజుకొక గాథ చొప్పున ఏడాదంతా ఊరికే పెట్టుకుంటూ పోతే, పేరు వేసినా సరే, అది పుస్తకాన్ని తిరిగి ప్రచురించడమే.

పేరు వేశాం కాబట్టి సరిపోయింది అనేవారు రెండు హక్కులను కలిపేస్తున్నారు. నా రచన నాదని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్‌లో ఉన్నాయి. కాపీరైటు అమ్మేసుకున్నా అవి రచయితతోనే ఉంటాయి. అచ్చువేసే హక్కు వేరు. పేరు వేస్తే మొదటిది తీరుతుంది, రెండోది తీరదు. తిరగేసి చూసినా అంతే: ‘పానశాల’ను ఎవరి అనుమతీ లేకుండా పంచుకోవచ్చు, కాని దువ్వూరి పేరు తీసేసి ఖయ్యాం పేరు మాత్రమే పెట్టడం అప్పుడూ తప్పే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి. పుస్తకం దొరకదు, ప్రచురణ సంస్థ మూతపడింది, వారసులు ఎక్కడున్నారో తెలియదు, 60 ఏళ్లు ఆగితే చదివే తరమే పోతుంది, అప్పుడు ఎవరిని అడగాలి? ఇది న్యాయమైన ప్రశ్న. 60 ఏళ్లన్న గడువు ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. టాగూరు హక్కుల గడువు ముంచుకొచ్చిన వేళ తీసుకున్న నిర్ణయం దేశంలోని ప్రతి రచయితకూ వర్తించింది. ఎవరూ మళ్లీ అచ్చువేయని అనువాదాన్ని అన్నేళ్లు తాళం వేసి ఉంచడం వల్ల వారసులకూ రూపాయి రాదు. ఆచూకీ తెలియని రచయితల పుస్తకాలకు 31ఎ సెక్షన్ ఒక దారి చూపింది. ముందు దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. అనువాదం వేయదలిస్తే ఆ భాషా పత్రికలోనూ ఇవ్వాలి. ఆ తర్వాత దరఖాస్తు, విచారణ, రాయల్టీ జమ. మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డును 2021లో రద్దు చేశాక దీనికి కోర్టు మెట్లే ఎక్కాలి. 300 కాపీల పుస్తకం వేయాలనుకున్న సాహిత్యాభిమాని ఇంత ఖర్చు భరించగలడా? భరించలేడు. అందుకే చట్టాన్ని పక్కన పెట్టేస్తున్నాడు. దీనికి మందు పీడీఎఫ్ కాదు, ప్రభుత్వాల చొరవ. సుబ్రహ్మణ్య భారతి హక్కులను మద్రాసు ప్రభుత్వం 1949లోనే సేకరించి ఆ తర్వాత ప్రజలపరం చేసింది. తమిళనాడు ఆ పద్ధతిని కొనసాగించి ఎందరో రచయితల వారసులకు డబ్బిచ్చి వారి రచనలను అందరివీ చేసింది. మన రెండు రాష్ట్రాలూ కవుల పేర పురస్కారాలు ఇస్తున్నాయి. ఆ కవుల అనువాదాల హక్కులను వారసులకు మర్యాదైన మొత్తం చెల్లించి తీసుకుంటే ఆ డబ్బుకు అంతకన్నా సార్థకత ఉండదు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న తెలుగువారికి ఇంకో చిక్కు ఉంది, గడువులు దేశానికో రకం. ఆర్థర్ వేలీ చైనా కవితల అనువాదాలు 1918లో లండన్‌లో అచ్చయ్యాయి. అమెరికాలో ఆ పుస్తకం ఎప్పుడో స్వేచ్ఛగా దొరుకుతోంది. వేలీ 1966లో పోయాడు కనుక మన దేశంలో గడువు 2026 డిసెంబరు 31. బ్రిటన్‌లో 70 ఏళ్ల లెక్కన 2036 చివరిదాకా. అమెరికా సైటులో ఉచితంగా కనపడింది కాబట్టి ఇక్కడా ఉచితమేనని అనుకోకూడదు. ఇక్కడ గడువు తీరింది కాబట్టి అక్కడా తీరిందనీ అనుకోకూడదు.

ఇదంతా వకీలు పని అనిపిస్తే, పుస్తకంలో లోపలి అట్ట తిప్పగానే వచ్చే పేజీ ఒక్కసారి చూడండి. ప్రథమ ముద్రణ ఏ ఏడాదో, హక్కులు ఎవరివో, ప్రతులు ఎక్కడ దొరుకుతాయో అక్కడే చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫోటో తీసేవారు అన్నిటికన్నా ముందు వదిలేసే పేజీ అదే. దాన్నీ కలిపి తీయండి. అనువాదకుడు ఏ ఏడాది మరణించారో చూసి 60 కలపండి, ఆ ఏడాది దాటిపోతే నిశ్చింతగా పంచుకోండి. దాటకపోతే ఒకటి రెండు కవితలు మీ మాటలతో పరిచయం చేసి పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి, మొత్తం పెట్టాలనుకుంటే అడగండి. తెలుగు వికీసోర్స్‌లో పనిచేసేవారు జీతం లేకుండానే ఈ క్రమం పాటిస్తున్నారు, గడువు తీరినవీ, హక్కుదారులు స్వేచ్ఛగా ఇచ్చినవీ మాత్రమే అక్కడ చేరుస్తారు. జీవించి ఉన్న అనువాదకులకూ, పోయినవారి పిల్లలకూ ఒక మనవి. హక్కులన్నీ మావేనని రాసి ఊరుకోకండి. ఏవి ఊరికే పంచుకోవచ్చో, వేటికి అనుమతి కావాలో, అందుకు ఎవరికి రాయాలో వచ్చే ముద్రణలో ఆ పేజీలోనే రెండు వాక్యాలు చేర్చండి. కావాలనుకుంటే హక్కులు పూర్తిగా వదులుకోవడానికి కూడా 21వ సెక్షన్‌లో వీలుంది, బహిరంగ ప్రకటన ఇస్తే చాలు.